బహుళ క్లౌడ్‌లలో కంటెయినర్ అప్లికేషన్లు: మొదలు ఎక్కడ పెట్టాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది: నలుగురైదుగురు ఉన్న బృందం. ఒక వెబ్ అప్లికేషన్, దాని వెనుక రెండు మూడు చిన్న సర్వీసులు, ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. డేటాబేస్ తప్ప మిగతావన్నీ డాకర్ కంటెయినర్లలో (అప్లికేషన్‌ను, దానికి కావలసినవన్నీ కట్టిపెట్టిన మూటల్లో), ఒకే క్లౌడ్‌లో నడుస్తున్నాయి. ఇకమీదట ఒకే సంస్థ మీద ఆధారపడకూడదని పైవాళ్లు తీర్మానించారు. ఏ మల్టీక్లౌడ్ ప్లాట్‌ఫాం (పలు క్లౌడ్‌లను ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) తీసుకోవాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడుగుతున్నారు.

ప్లాట్‌ఫాం ఎంపికతో మాత్రం మొదలుపెట్టకండి. కంటెయినర్‌ను ఒక క్లౌడ్ నుంచి మరో క్లౌడ్‌కు మార్చడం ఇప్పుడు పెద్ద పని కాదు. ఆ కంటెయినర్ చదివే, రాసే డేటాను కదల్చడమే కష్టం. పేరున్న ప్లాట్‌ఫాంలలో ఏదీ మీ పోస్ట్‌గ్రెస్ సంగతి మీ తరఫున తేల్చదు. డేటా విషయంలో మీరు తీసుకునే నిర్ణయాన్ని బట్టే క్లస్టర్లు (కంటెయినర్లను నడిపే సర్వర్ల గుంపులు) ఎన్ని, నెట్‌వర్క్ ఎలా, ప్లాట్‌ఫాం అసలు అవసరమా కాదా అన్నవన్నీ తేలతాయి. ఈ వరుస తలకిందులైతే నెలల తరబడి క్లస్టర్లు కట్టుకుంటూ పోతారు. చివరికి రెండో క్లౌడ్‌లో అప్లికేషన్ లేచి నిలబడుతుంది, డేటాబేస్ కోసం మాత్రం మొదటి క్లౌడ్ వైపే చూస్తూ ఉంటుంది. మొదటిది పడిపోయిన రోజు రెండూ పడిపోతాయి.

కాబట్టి రెండో క్లౌడ్ ఎందుకు కావాలో పైవాళ్లను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. సాధారణంగా వచ్చే జవాబులు నాలుగు. అవసరమైతే ఈ సంస్థను వదిలి వెళ్లగలగాలి. ఒక క్లౌడ్ ఆగిపోయినా మన సేవ ఆగకూడదు. ఫలానా వినియోగదారుల డేటా ఫలానా దేశంలోనే ఉండాలని చట్టమో, ఒప్పందమో చెబుతోంది. లేదా రెండో క్లౌడ్‌లో ఉన్న ఏదో ఒక సేవ మనకు కావాలి. వినడానికి ఇవన్నీ ఒకేలా ఉంటాయి, కట్టాల్సిన వ్యవస్థలు మాత్రం వేరు వేరు.

వదిలి వెళ్లగలగడమే లక్ష్యమైతే మీ పని చాలా తేలిక. రోజూ రెండు చోట్లా నడపక్కర్లేదు. ఒక చోట నడుపుతూ, రెండో చోట నడపగలమని అప్పుడప్పుడూ రుజువు చేసుకుంటే చాలు. ఈ విషయంలో కాలం కూడా కలిసి వచ్చింది. 2024 జనవరిలో గూగుల్, అదే ఏడాది మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ తమ క్లౌడ్‌ను పూర్తిగా వదిలి వెళ్లేవారికి డేటా బయటకు తీసుకుపోయే రుసుము మాఫీ చేస్తామని ప్రకటించాయి. ఐరోపా సమాఖ్య డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చి, క్లౌడ్ మారే హక్కును ఇంకా గట్టిపరిచింది. ఒక్కటి మాత్రం గమనించండి. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్‌ల ఆ ప్రకటనలు వెళ్లిపోయేవారి కోసం. రోజూ రెండు క్లౌడ్‌ల మధ్య డేటాను అటూ ఇటూ తిప్పేవారు ఆ రుసుము ఎప్పటిలాగే కడుతున్నామనే లెక్క వేసుకోవాలి.

ఆగిపోకుండా ఉండటమే లక్ష్యమైతే, రెండో క్లౌడ్ కంటే ముందు రెండో రీజియన్ (అదే క్లౌడ్‌కు వేరే ప్రాంతంలో ఉన్న డేటా కేంద్రాల సముదాయం) గురించి ఆలోచించండి. 2025లో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. అక్టోబరు 20న అమెజాన్ ఉత్తర వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవకు సంబంధించిన డీఎన్‌ఎస్ నమోదులు (పేరు చెబితే చిరునామా చూపేవి) చెడిపోయాయి. దాని మీద ఆధారపడ్డ సేవలు ఒకదాని వెంట ఒకటి కూలాయి. మూలం ఒక్క రీజియన్‌లోనిది. అదే క్లౌడ్‌లో వేరే రీజియన్‌లో పూర్తి ఏర్పాటు ఉన్నవారు చాలావరకు తట్టుకోగలిగే రకం అది. జూన్ 12న గూగుల్ క్లౌడ్‌లో జరిగింది వేరు. ఖాళీ గడులున్న ఒక విధాన సమాచారం క్షణాల్లో ప్రపంచవ్యాప్తంగా అన్ని రీజియన్లకూ పాకింది. దాన్ని చదివిన నియంత్రణ సాఫ్ట్‌వేర్ అన్ని చోట్లా కుప్పకూలింది. ఇలాంటి రోజున అదే క్లౌడ్‌లో ఎన్ని రీజియన్లున్నా లాభం లేదు. మొదటి రకం ప్రమాదాన్ని రెండో రీజియన్ తక్కువ ఖర్చుతో, ఒకే రకం పనిముట్లతో చాలావరకు కాచుకుంటుంది. రెండో రకాన్ని కాచుకోవాలంటేనే రెండో క్లౌడ్ కావాలి. ఆ అరుదైన రోజు కోసం బృందం ఏడాది పొడవునా మోయాల్సిన బరువు ఎంతో పైవాళ్లకు తెలియాలి.

వాళ్ల నుంచి రెండు అంకెలు కూడా తీసుకోండి. సేవ ఎంతసేపు ఆగిపోతే భరించగలం? ఆఖరి ఎన్ని నిమిషాల డేటా పోతే భరించగలం? "సున్నా" అన్న జవాబు వస్తే, ఆ సున్నాకు అయ్యే ఖర్చు లెక్కగట్టి వాళ్ల ముందు పెట్టండి. నాకు తెలిసిన బృందాల్లో ఎక్కువమంది, ఆ లెక్క చూశాక, గంట ఆగినా, ఐదు నిమిషాల డేటా పోయినా బతకగలమని ఒప్పుకున్నవారే. ఆ ఒప్పుకోలు దొరికితే సగం కష్టం తీరినట్లే.

ఇక ఉమ్మడి పునాది గురించి. దీనిమీద పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు: కుబర్నెటీస్, అంటే కంటెయినర్లను క్లస్టర్ మీద నడిపించి, పడిపోతే మళ్లీ లేపే సాఫ్ట్‌వేర్. గూగుల్ దీన్ని 2014 జూన్‌లో బయటపెట్టింది, 1.0 వెర్షన్ 2015 జులైలో వచ్చింది. 2018 జూన్ నాటికి అమెజాన్, మైక్రోసాఫ్ట్ కూడా తామే నిర్వహించే కుబర్నెటీస్ సేవలను అందరికీ తెరిచాయి. కంటెయినర్ ఇమేజ్ (కంటెయినర్‌ను లేపే అచ్చు) ఆకృతిని 2015లో ఏర్పడిన ఓపెన్ కంటెయినర్ ఇనిషియేటివ్ ప్రమాణీకరించింది కాబట్టి ఒకసారి కట్టిన ఇమేజ్, ప్రాసెసర్ రకం కలిస్తే, అన్ని చోట్లా పనిచేస్తుంది. క్లస్టర్‌ను మీరే చేత్తో కట్టుకోవద్దు. అమెజాన్ ఈకేఎస్, మైక్రోసాఫ్ట్ ఏకేఎస్, గూగుల్ జీకేఈ లాంటి నిర్వహిత సేవలే వాడండి. మీ బలం అప్లికేషన్ మీద ఉండాలి, క్లస్టర్‌ను నియంత్రించే కంట్రోల్ ప్లేన్ మరమ్మతు మీద కాదు.

రెండు క్లౌడ్‌ల మీదుగా ఒకే క్లస్టర్ పరుద్దామని ఎవరో ఒకరు తప్పక ప్రతిపాదిస్తారు. ఒప్పుకోకండి. క్లస్టర్ జ్ఞాపకమంతా ఈటీసీడీ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటుంది. దాని సభ్యుల్లో నాయకుడు డిఫాల్ట్‌గా ప్రతి 100 మిల్లీసెకన్లకు మిగతావారిని పలకరిస్తాడు. 1000 మిల్లీసెకన్ల పాటు నాయకుడి పలకరింపు అందకపోతే కొత్త ఎన్నిక మొదలవుతుంది. క్లౌడ్‌ల మధ్య లంకె కాసేపు తడబడితే చాలు, మీ అప్లికేషన్‌లో ఏ లోపమూ లేకుండానే క్లస్టర్ ఊగిసలాడుతుంది. క్లౌడ్‌కొక క్లస్టర్, దేనికదే స్వతంత్రం. రెండింటినీ కలిపేది గిట్‌లో (ఫైళ్లను, వాటి మార్పుల చరిత్రను దాచే చోట) ఉన్న ఒకే నిర్వచనం.

పని మొదలుపెట్టాల్సింది ఇమేజ్ దగ్గర. ఇక్కడ చిన్నచిన్న విషయాలే తరువాత పెద్ద తలనొప్పులవుతాయి. బృందంలో ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా ఆర్మ్ ప్రాసెసర్ ఉండి, ఇమేజ్ అక్కడే కట్టి పంపితే, ఇంటెల్ రకం సర్వర్ మీద అది "ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్" అని ఒక్క వాక్యం రాసి చనిపోతుంది. పాడ్ (కుబర్నెటీస్ కంటెయినర్‌ను పెట్టి నడిపే గూడు) స్థితి చూస్తే "క్రాష్‌లూప్‌బ్యాకాఫ్" అని కనిపిస్తుంది. లోపం కోడ్‌లో ఉందనుకుని వెతుకుతూ కూర్చుంటారు. డాకర్ బిల్డెక్స్‌తో రెండు రకాల ప్రాసెసర్లకూ ఒకేసారి ఇమేజ్ కట్టండి, అదీ ల్యాప్‌టాప్‌లో కాకుండా బిల్డ్ సర్వర్‌లో. చవకగా దొరికే ఆర్మ్ నోడ్లు (క్లస్టర్‌లోని సర్వర్లు) రెండో క్లౌడ్‌లో వాడుకునే వెసులుబాటు కూడా దీనివల్ల వస్తుంది.

ఇమేజ్‌కు "లేటెస్ట్" అనే ట్యాగ్ వాడకండి. రెండు క్లస్టర్లు వేర్వేరు వేళల్లో లాగితే, పేరు ఒకటే అయినా లోపల ఉన్నది వేరవుతుంది. ఇమేజ్ డైజెస్ట్‌ను, అంటే షా256తో మొదలయ్యే ఆ పొడవాటి గుర్తింపును, నేరుగా డిప్లాయ్‌మెంట్ ఫైల్‌లో రాస్తే రెండు చోట్లా అక్షరం తేడా లేని ఇమేజ్ నడుస్తోందని చెప్పగలరు. రిజిస్ట్రీ, అంటే ఇమేజ్‌ల గిడ్డంగి, కూడా రెండు క్లౌడ్‌లలోనూ ఉండాలి. ప్రతి బిల్డ్ రెండింటికీ వెళ్లాలి. ఇమేజ్‌లన్నీ మొదటి క్లౌడ్ రిజిస్ట్రీలోనే ఉంచుకుని రెండో క్లౌడ్ మీద భరోసా పెట్టుకోవడం, రెండో ఇంటి తాళంచెవిని మొదటి ఇంట్లో పెట్టి తాళం వేయడమే. బయటివాళ్ల ఇమేజ్‌లను కూడా మీ రిజిస్ట్రీల్లోకి తెచ్చిపెట్టుకోండి. డాకర్ హబ్ అనే బహిరంగ రిజిస్ట్రీ 2020 నవంబరు నుంచి ఉచిత డౌన్‌లోడ్లకు పరిమితి పెట్టింది. కొత్త క్లస్టర్‌లో పదుల పాడ్‌లు ఒకేసారి లేచే అత్యవసర వేళలోనే ఆ పరిమితి తగులుతుంది.

కంటెయినర్ సాఫీగా చనిపోవడం కూడా నేర్చుకోవాలి. కుబర్నెటీస్ ఒక పాడ్‌ను ఆపాలనుకున్నప్పుడు ముందుగా ఇక ఆగమని చెప్పే సిగ్‌టర్మ్ సంకేతం పంపి, 30 సెకన్లు ఆగి, అప్పటికీ ఆగకపోతే బలవంతంగా చంపుతుంది. ఇమేజ్ కట్టే సూచనలుండే డాకర్‌ఫైల్‌లో ప్రారంభ ఆదేశాన్ని షెల్ రూపంలో రాస్తే, కంటెయినర్‌లో ఒకటో నంబరు ప్రాసెస్‌గా షెల్ కూర్చుని ఆ సంకేతాన్ని మీ అప్లికేషన్‌కు అందనివ్వకపోవచ్చు. ప్రతి కొత్త వెర్షన్‌కూ కొందరి అభ్యర్థనలు మధ్యలో తెగిపోతుంటే ముందుగా చూడాల్సింది ఇదే. ఆదేశాన్ని జాబితా రూపంలో రాస్తే సరిపోతుంది.

లైవ్‌నెస్ తనిఖీలో డేటాబేస్‌ను ఎన్నడూ పలకరించకండి. డేటాబేస్ కాస్త నెమ్మదించగానే కుబర్నెటీస్ మీ పాడ్‌లన్నింటినీ చంపి మళ్లీ లేపుతుంది. అవన్నీ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడి దాన్ని ఇంకా కుంగదీస్తాయి. ప్రాసెస్ బతికే ఉందా లేదా అన్నంతవరకే లైవ్‌నెస్ చూడాలి. అభ్యర్థనలు తీసుకోవడానికి సిద్ధంగా ఉందా అన్నది రెడీనెస్ పని. మెమరీ పరిమితి కూడా తప్పక రాయండి. పాడ్ 137 కోడ్‌తో ఆగిందంటే బలవంతంగా చంపేసిన గుర్తు. చాలాసార్లు దాని వెనుక మెమరీ చాలకపోవడమే ఉంటుంది.

ఇదంతా క్లౌడ్‌లో కాకుండా కైండ్ అనే పనిముట్టుతో మీ ల్యాప్‌టాప్‌లోనే సాధన చేయండి. నిమిషాల్లో క్లస్టర్ లేస్తుంది, చెడగొట్టుకుంటే తీసేసి మళ్లీ లేపొచ్చు. అప్లికేషన్ అక్కడ స్థిరంగా నిలబడేదాకా క్లౌడ్ బిల్లు మొదలు కానివ్వకండి.

తరువాత గిట్‌లో ఫైళ్ల అమరిక. ఇక్కడే మీకు మల్టీక్లౌడ్ అంటే ఏమిటో కళ్లకు కడుతుంది. కస్టమైజ్ పద్ధతిలో ఉమ్మడి ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, క్లౌడ్‌కొక చిన్న ఫోల్డర్‌లో తేడాలు మాత్రమే రాయండి. హెల్మ్ అనే పనిముట్టు అలవాటుంటే అదీ మంచిదే, తేడాలను విలువల ఫైళ్లలో రాసుకోవచ్చు. ఏదైనా ఒక్కటే పట్టుకోండి. కొన్ని వారాలు గడిచాక ఆ తేడాల ఫోల్డర్ తెరిచి చూడండి. అందులో ఉండాల్సినవి నాలుగైదు మాత్రమే: డిస్కు రకం, లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే అభ్యర్థనలను పంచే ద్వారం) గుర్తులు, రిజిస్ట్రీ చిరునామా, సర్వీస్ అకౌంట్‌కు ఇచ్చే క్లౌడ్ గుర్తింపు, పాడ్‌ల సంఖ్య. అంతకు మించి పెరుగుతోందంటే ఒక క్లౌడ్‌కే చెందిన సేవ ఏదో మీ అప్లికేషన్‌లోకి చొరబడుతోందని అర్థం. చొరబడటం నేరమేమీ కాదు. తెలిసి చేయాలి, అంతే. కొన్ని సేవలు అంత బాగుంటాయి, వాటికోసం కట్టుబడిపోవడం సబబే.

ఆ నాలుగైదు తేడాల్లో రెండింటిని దగ్గరగా చూపిస్తాను. సర్వీస్‌ను లోడ్ బ్యాలెన్సర్ రకంగా రాసి పంపితే, గూగుల్, అజూర్‌లలో మీకు ఒక ఐపీ చిరునామా వస్తుంది. అమెజాన్‌లో ఒక పొడవాటి పేరు వస్తుంది. ఐపీకి డీఎన్‌ఎస్‌లో 'ఏ' (A) అనే రికార్డు చాలు. పేరుకు సీనేమ్, అంటే ఒక పేరును ఇంకో పేరుకు చూపే రికార్డు, కావాలి. సీనేమ్‌ను మీ డొమైన్ మూలనామానికి (ముందు ఏమీ చేర్చని అసలు పేరుకు) పెట్టడానికి డీఎన్‌ఎస్ ప్రమాణం ఒప్పుకోదు. అమెజాన్ తన డీఎన్‌ఎస్ సేవలో దీనికి ప్రత్యేక ఉపాయం ఇస్తుంది, కానీ దాన్ని వాడితే డీఎన్‌ఎస్ కూడా అక్కడే చిక్కుకుంటుంది. మొదటి రోజే అప్లికేషన్‌ను మూలనామం మీద కాకుండా ఒక ఉపనామం మీద నిలబెడితే ఈ చిక్కే రాదు. డీఎన్‌ఎస్ సేవను ఈ రెండు క్లౌడ్‌లకూ చెందని మూడోచోట ఉంచడం నా సలహా. ఒక క్లౌడ్ పడిపోయినప్పుడు దారి మళ్లించాల్సింది దానితోనే మరి.

రెండోది డిస్కు. అమెజాన్‌లో సాధారణ ఈకేఎస్ క్లస్టర్‌కు ఈబీఎస్ (అమెజాన్ డిస్కు సేవ) డ్రైవర్‌ను మీరే విడిగా జతచేయాలి. అది లేకపోతే డిస్కు అడిగిన పాడ్ "పెండింగ్"లోనే కూర్చుంటుంది. పైగా ఈబీఎస్ డిస్కు ఒకే జోన్‌కు (రీజియన్‌లోని ఒక భాగానికి) కట్టుబడి ఉంటుంది. పాడ్ వేరే జోన్‌లో పడితే డిస్కు వెంట రాదు. డిస్కు రకాన్ని నిర్ణయించే స్టోరేజ్ క్లాస్‌లో పాడ్ ఎక్కడ పడుతుందో తేలాకే డిస్కు సృష్టించే అమరిక ఉంది, దాన్నే ఎంచుకోండి. అసలు మీ సర్వీసులు డిస్కు మీద ఏమీ దాచుకోకుండా ఉంటే ఇంకా మంచిది. ఫైళ్లు ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు (క్లౌడ్‌లోని ఫైళ్ల గిడ్డంగికి), సెషన్లు మెమరీలో నిల్వచేసే రెడిస్‌కు, మిగతాది డేటాబేస్‌కు పంపించండి.

బయటి అభ్యర్థనలు క్లస్టర్‌లోకి వచ్చే దారి కొత్తగా కట్టుకుంటున్నారు కాబట్టి ఒక మాట. ఎందరో వాడే ఇంగ్రెస్ ఎంజిన్‌ఎక్స్ కంట్రోలర్ నిర్వహణను 2026 మార్చితో ఆపేస్తామని దాని నిర్వాహకులు 2025 నవంబరులో ప్రకటించారు. పాత వ్యాసాలు ఇంకా దాన్నే చూపిస్తాయి. మీరు అదే పనికి వచ్చిన కొత్త పద్ధతి, గేట్‌వే ఏపీఐతో మొదలుపెట్టండి. 2023 అక్టోబరులోనే అది 1.0కు చేరింది.

నెట్‌వర్క్ చిరునామాలు మాత్రం ఏ క్లస్టరూ లేపకముందే కాగితం మీద పంచుకోండి. తరువాత మార్చడం అన్నింటికంటే కష్టమైన పని ఇదే. ప్రైవేటు చిరునామాలు అందరికీ ఒకే మూట నుంచి వస్తాయి. అమెజాన్ డిఫాల్ట్ నెట్‌వర్క్ ఏ రీజియన్‌లోనైనా 172.31.0.0/16 (గీత తరువాతి అంకె శ్రేణి పరిమాణాన్ని చెబుతుంది). గూగుల్ ఆటో మోడ్ 10.128.0.0/9 నుంచి తీసుకుంటుంది. డాకర్ తన మట్టుకు తాను 172.17.0.0/16 వాడుకుంటుంది. రెండు క్లౌడ్‌లలో ఒకే శ్రేణి పడితే, ఆ తరువాత వాటి మధ్య వీపీఎన్ వేయాలనుకున్న రోజున దారి దొరకదు. డిఫాల్ట్ నెట్‌వర్క్‌లను వదిలేసి మీవి మీరే సృష్టించండి. మొదటి క్లౌడ్‌కు 10.16.0.0/14, రెండోదానికి 10.32.0.0/14, ఆఫీసుకు ఇంకొకటి అని విడదీసి రాసుకోండి. ఈకేఎస్‌లో డిఫాల్ట్‌గా ప్రతి పాడ్‌కూ నెట్‌వర్క్ నుంచే ఒక చిరునామా పోతుంది, కాబట్టి సబ్‌నెట్లు (నెట్‌వర్క్‌లోని ముక్కలు) విశాలంగా కోయండి.

రహస్యాల గురించి క్లుప్తంగా. కుబర్నెటీస్ సీక్రెట్ అన్నది బేస్64 అనే బహిరంగ లిపిలో రాసిన అక్షరాలు, అంతే. దాన్ని చూడగలిగినవారు చదవగలరు. గిట్‌లో పెట్టకండి. క్లౌడ్‌కు చెందిన రహస్యాల ఖజానాలో ఉంచి, ఎక్స్‌టర్నల్ సీక్రెట్స్ ఆపరేటర్‌తో క్లస్టర్‌లోకి తెచ్చుకోండి. బిల్డ్ సర్వర్‌కు శాశ్వత తాళాలు ఇవ్వకండి. మూడు పెద్ద క్లౌడ్‌లూ ఓఐడీసీ పద్ధతిలో కొద్దిసేపే పనిచేసే గుర్తింపును ఇస్తాయి. రెండు క్లౌడ్‌లు అంటే దొంగకు రెండు తలుపులు, ఈ జాగ్రత్త ఒక్క క్లౌడ్ ఉన్నప్పటికంటే ఇప్పుడు ఎక్కువ అవసరం.

ఇప్పుడు మీరు మొదట అడిగిన ప్లాట్‌ఫాం సంగతి. గూగుల్ 2019లో ఆంథోస్ పేరుతో తెచ్చినది, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది ప్రకటించిన అజూర్ ఆర్క్, ఇవి ఇతర చోట్ల ఉన్న క్లస్టర్లను కూడా తమ కిటికీలోంచి చూపిస్తాయి. కిటికీ మాత్రం ఒక క్లౌడ్ సంస్థదే. ఒకే సంస్థ మీద ఆధారపడకూడదన్నది మీ లక్ష్యమైతే అది ఆలోచించాల్సిన విషయం. సూసే చేతిలో ఉన్న రాంచర్, రెడ్ హ్యాట్ ఓపెన్‌షిఫ్ట్ మూడు పెద్ద క్లౌడ్‌లలో దేనికీ చెందనివి. పదీ ఇరవై క్లస్టర్లు, పలు బృందాలు, ఎవరికి ఏ హక్కు ఉండాలన్న తగాదాలు ఉన్నచోట రాంచర్ నిజంగా చేతికి అందివస్తుంది. బ్యాంకుల్లాంటి చోట్ల, కాగితం మీద భరోసా, ఫోను చేస్తే పలికే మనిషి కావలసినప్పుడు ఓపెన్‌షిఫ్ట్ తన విలువ నిలబెట్టుకుంటుంది. రెండు క్లస్టర్లున్న ఐదుగురి బృందానికి వీటిలో ఏదీ ఇప్పుడు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ప్లాట్‌ఫాం కూడా ఒక సాఫ్ట్‌వేరే. దాన్నీ నవీకరించాలి, దానికీ బ్యాకప్ తీయాలి, అది పడిపోయిన రోజు దాన్నీ లేపాలి.

మీకు కావలసింది రెండు పనిముట్లు. క్లస్టర్లు, నెట్‌వర్క్‌లు, రిజిస్ట్రీలు సృష్టించడానికి ఓపెన్‌టోఫు లేదా టెర్రాఫాం. 2023 ఆగస్టులో టెర్రాఫాం లైసెన్సు మారింది, ఆ మార్పు నచ్చనివారు దాని నుంచి విడదీసి లైనక్స్ ఫౌండేషన్ నీడలో నడుపుతున్నదే ఓపెన్‌టోఫు. మీ పరిమాణంలో ఏదైనా పర్వాలేదు, కానీ ఏమేం సృష్టించిందో అది రాసిపెట్టుకునే స్టేట్ ఫైల్‌ను మొదటి క్లౌడ్‌లో ఒక్కచోటే ఉంచకండి, క్లౌడ్‌కొకటిగా విడగొట్టండి. రెండో పనిముట్టు, గిట్‌లో ఉన్నదాన్ని క్లస్టర్‌లో అమలు చేసే ఆర్గో సీడీ లేదా ఫ్లక్స్. ప్రతి క్లస్టర్‌లోనూ దాని సొంత ప్రతి నడవాలి. ఒకే ఆర్గో సీడీ మొదటి క్లస్టర్‌లో కూర్చుని రెండింటినీ నడిపితే, అది పడిపోయినప్పుడు రెండోదానిలో ఏ మార్పూ చేయలేరు. మీటర్లు కూడా అంతే. కొలతలు సేకరించే ప్రోమిథియస్ ప్రతి క్లస్టర్‌లోనూ విడిగా ఉండాలి, లాగ్‌లు పుట్టినచోటే నిలవాలి. లాగ్‌లన్నీ ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కు పంపితే బయటకు వెళ్లే డేటా రుసుము మీద మీరు ఊహించని బిల్లు పడుతుంది.

చివరగా పోస్ట్‌గ్రెస్. గంట ఆగినా పర్వాలేదని పైవాళ్లు ఒప్పుకుంటే అత్యంత సరళమైన దారి ఉంది. రెండో క్లౌడ్ ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లోకి ఎప్పటికప్పుడు బ్యాకప్ పంపడం, అవసరమైనప్పుడు అక్కడ డేటాబేస్ లేపి నింపుకోవడం. ఆఖరి బ్యాకప్ తరువాతి డేటా పోతుంది కాబట్టి వాళ్లు చెప్పిన రెండో అంకెతో దాన్ని సరిచూసుకోండి. డేటా కొన్ని పదుల జీబీలైతే ఇది చాలు. దీన్ని చిన్నచూపు చూడకండి, పరీక్షించిన బ్యాకప్ కంటే నమ్మదగిన ఏర్పాటు అరుదు.

అంతకంటే తక్కువ సమయం కావాలంటే రెండో క్లౌడ్‌లో నిత్యం అనుసరించే ప్రతి ఉండాలి. రెండు చోట్లా రాశాకే సరే అనే పద్ధతి వద్దు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెయ్యి కిలోమీటర్ల దూరంలో ప్రతి కమిట్‌కూ (రాతను ఖాయం చేసే అడుగుకూ) రానూపోనూ కనీసం 10 మిల్లీసెకన్లు కలుస్తాయి, లంకె తెగితే రాతలే ఆగుతాయి. కొద్దిగా వెనుకబడి వచ్చే ప్రతే మేలు. నిర్వహిత డేటాబేస్‌ల నుంచి బయటి క్లౌడ్‌కు సాధారణంగా దొరికే దారి లాజికల్ రెప్లికేషన్ (వరుసల్లోని మార్పులను అవతలికి పంపే పద్ధతి), 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఇది అందులోనే ఉంది. దీనికి రెండు లోపాలున్నాయి, ముందే తెలుసుకోండి. టేబుల్ నిర్మాణంలో మార్పులు అవతలికి వెళ్లవు, కాబట్టి మైగ్రేషన్లను రెండు చోట్లా నడపాలి. రెండోది మరీ మాయదారిది: పోస్ట్‌గ్రెస్ 18 దాకా సీక్వెన్సుల (కొత్త ఐడీలు ఇచ్చే లెక్కింపుల) ప్రస్తుత విలువలు కూడా వెళ్లవు. వరుసలన్నీ చేరి ఉంటాయి, అన్నీ బాగున్నట్లే కనిపిస్తుంది. రెండో డేటాబేస్‌ను ప్రధానం చేసి మొదటి కొత్త ఆర్డర్ నమోదు చేయగానే, ఐడీ 1 నుంచి మొదలై, ఆ ఐడీ ఇప్పటికే ఉందంటూ నిరాకరిస్తుంది. మారే ముందు ప్రతి సీక్వెన్సునూ ఆ టేబుల్‌లోని గరిష్ఠ ఐడీకి పైకి జరిపే స్క్రిప్టు రాసి గిట్‌లో ఉంచండి.

ఆ మారే నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించకండి. రెండు క్లౌడ్‌ల మధ్య లంకె మాత్రమే తెగి, రెండూ బతికే ఉన్నప్పుడు, యంత్రం రెండోదాన్ని ప్రధానం చేస్తే రెండు చోట్లా రాతలు పడతాయి. ఆ రెండు చరిత్రలను తరువాత కలపడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. మెలకువగా ఉన్న మనిషి ఒకరు, ముందే రాసిపెట్టుకున్న మెట్లు చూసి, పాత ప్రధానానికి రాతలు ఆపేశాకే కొత్తదాన్ని తెరవాలి. డీఎన్‌ఎస్ టీటీఎల్ (చిరునామాను గుర్తుంచుకునే గడువు) 60 సెకన్లు ఉంచండి, అయినా కొందరు వినియోగదారుల యంత్రాలు పాత చిరునామానే కాసేపు పట్టుకుని ఉంటాయని లెక్కలో వేసుకోండి.

వెర్షన్ల పని ఆగదు. కుబర్నెటీస్ ఏటా మూడు వెర్షన్లు వస్తాయి, ఒక్కొక్కదానికి సుమారు 14 నెలలే మద్దతు. రెండు క్లౌడ్‌లు కొత్త వెర్షన్‌ను వేర్వేరు తేదీల్లో ఇస్తాయి. రెండు చోట్లా ఒకే మైనర్ వెర్షన్ ఉండేలా, వెనుకబడిన క్లౌడ్‌ను బట్టి మీ తేదీ పెట్టుకోండి.

మూడు నెలలకొకసారి రెండో క్లౌడ్ క్లస్టర్‌ను పూర్తిగా తొలగించి, ఓపెన్‌టోఫుతో మొదలుపెట్టి, బ్యాకప్ నుంచి డేటాబేస్ నింపి, కొద్దిపాటి నిజమైన రాకపోకలు దాని మీదుగా పంపే వరకూ గడియారం పెట్టి చేయండి. ఈ పని మీలో అనుభవజ్ఞుడు కాకుండా కొత్తగా చేరిన వ్యక్తి, రాసిపెట్టుకున్న మెట్లు చూసి చేయాలి. మొదటిసారి బయటపడేవి దాదాపు ఎక్కడైనా ఇవే: టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ మొదటి క్లౌడ్‌లోనే ఉండిపోవడం, కొత్త ఖాతాలో సర్వర్ల పరిమితి తక్కువగా ఉండి నోడ్లు లేవకపోవడం, ఈమెయిల్ పంపే సేవ పాత ఐపీ చిరునామాలనే అనుమతించడం, డీఎన్‌ఎస్ మార్చే హక్కు సెలవులో ఉన్న ఒకే ఒక్కరి చేతిలో ఉండటం. సర్వర్ల పరిమితి పెంచమన్న అభ్యర్థనకు జవాబు రావడానికి రోజులు పట్టవచ్చు, కాబట్టి ఆ ఒక్క దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టేయండి.